విరిగింది ఒకచోట, లెక్క ఇంకోచోట

పల్లెటూరి ఎముక గట్టిదని మనవాళ్లు ఎప్పటినుంచో అంటున్నారు. చిత్రం ఏమిటంటే విదేశీ వైద్య పత్రికలు కూడా అదే అంటున్నాయి, పట్టికలు వేసి మరీ. స్వీడన్‌లో మాల్మో నగరాన్నీ, దగ్గర్లోని షోబో అనే గ్రామీణ ప్రాంతాన్నీ పక్కపక్కన పెట్టి చూసిన పరిశోధకులు 1990ల తొలి ఏళ్లలోనే పట్నంలో ఫ్రాక్చర్లు ఎక్కువని రాశారు. 2010లో ఆస్ట్రేలియా పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలు పోగేసి, తుంటి ఎముక విరిగే ముప్పు పల్లెల్లో తక్కువగానే కనిపిస్తోందని చెప్పారు. ఇలాంటి చోట వినిపించే కారణాలు మనకు కొత్తవి కావు. పల్లెలో ఒళ్లు వంచి పని చేస్తారు, నడుస్తారు, ఎండలో ఉంటారు. పట్నంలో కూర్చుంటారు, పడితే కాంక్రీటు మీద పడతారు.

దీనికి అడ్డంగా నిలబడిన అధ్యయనం ఒకటి మన హైదరాబాద్ నుంచే వచ్చింది. ఇండియన్ మైగ్రేషన్ స్టడీలో భాగంగా పల్లె నుంచి పట్నానికి వలస వచ్చినవాళ్లకూ, ఊళ్లోనే ఉండిపోయిన వాళ్ల తోబుట్టువులకూ ఎముక చిక్కదనం కొలిచే డెక్సా స్కాన్ తీశారు. 185 జతలు. పాల్గొన్నవాళ్ల సగటు వయసు 49. ఫలితం 2015లో ప్లాస్ వన్ పత్రికలో అచ్చయింది. పట్నం వెళ్లినవాళ్ల వెన్నెముక, తుంటి చిక్కగా ఉన్నాయి. ఊళ్లో మిగిలిన అన్నవో చెల్లెలివో అంతకంటే పలచగా ఉన్నాయి. ఎందుకని తరచి చూస్తే ఆ తేడాలో ఎక్కువ భాగం ఒంట్లోని కండ దగ్గరే తేలింది, కొంత కొవ్వు దగ్గర. పట్నంలో తిండి దొరికింది, కండ పట్టింది, కండతో పాటు ఎముకా బలిసింది.

రెండూ నిజమే కావచ్చు. కానీ శ్రీకాకుళం జిల్లాలోని పలాస, టెక్కలి, ఉద్దానం తీరం సంగతి వచ్చేసరికి మనవాళ్ల నోట స్వీడన్ మాటే వస్తుంది. చెట్టెక్కేవాడికి, వల లాగేవాడికి ఎముకల జబ్బేమిటన్న ధీమా అది. నా మటుకు నాకు హైదరాబాద్ జతల మీదే గురి. ఒకే తల్లి పాలు తాగి, ఒకే పొయ్యి మీది కూడు తిని పెరిగిన ఇద్దరిని పోల్చడం, ఎవరో స్వీడిష్ రైతును ఎవరో స్వీడిష్ గుమాస్తాతో పోల్చడం కంటే నికరమైన పద్ధతి. స్వీడన్ పల్లెలో ఒళ్లు వంచినవాడికి సాయంత్రం పాలూ జున్నూ ఉంటాయి. శ్రమ ఎముకను పెంచుతుందన్న సూత్రం కడుపు నిండిన శ్రమకే వర్తిస్తుంది.

హైదరాబాద్ అధ్యయనానికీ ఒక వంక పెట్టక తప్పదు. అందులోని వలస చాలావరకు ఫ్యాక్టరీ కొలువుతో ముడిపడ్డ వలస. నెల జీతం, క్వార్టరు, క్యాంటీను ఉన్న వలస. ఉద్దానం నుంచి విశాఖకో చెన్నైకో రైలెక్కేవాడికి అవేవీ ఉండవు. సెంట్రింగు కర్రల మీద పని, రేకుల షెడ్డులో పడక, వారం కూలీ. అతని తుంటి కూడా చిక్కబడుతుందని ఆ 185 జతలు హామీ ఇవ్వవు. పైగా ఎముక చిక్కదనం వేరు, ఎముక విరగడం వేరు. ఈ తేడా ఫ్రాక్చర్ల దాకా ఎలా వస్తుందో ఇంకా చూడాల్సి ఉందని ఆ పరిశోధకులే చివర రాసుకున్నారు. ఆ చివరి వాక్యాన్ని చదవకుండా స్కాన్ అంకెల్నే ఫ్రాక్చర్ అంకెలుగా వాడేసేవాళ్లు మనలో చాలామంది.

పల్లె, పట్నం అని రెండు గళ్లు గీసి పోల్చిన మరో తెలుగు పరిశోధన తిరుపతిది. స్విమ్స్‌లో డాక్టర్ సి.వి. హరినారాయణ్ బృందం 2000 తర్వాతి దశాబ్దంలో చిత్తూరు ప్రాంతపు పల్లె జనాన్నీ, పట్నం జనాన్నీ పరీక్షించింది. పల్లెవాళ్ల రక్తంలో డి విటమిన్ ఎక్కువ. తిండిలో కాల్షియం మాత్రం పట్నంవాళ్ల కంటే తక్కువ. దానికి తోడు ధాన్యాల్లో ఉండే ఫైటేట్ తిన్న కాల్షియాన్ని కూడా ఒంటికి పట్టనివ్వదు. అంటే ఎండ ఊరికి దక్కింది, పాలు పట్నానికి దక్కాయి. రెండు చోట్లా కాల్షియం అప్పటి ఐసీఎంఆర్ ప్రమాణానికి అందలేదు. ఆ తర్వాత 2020లో ఐసీఎంఆర్ పెద్దవాళ్ల రోజువారీ కాల్షియం అవసరాన్ని 600 నుంచి 1000 మిల్లీగ్రాములకు పెంచింది. కొత్త గీత పక్కన పాత కంచం ఇంకా వెలితిగా కనిపిస్తుంది.

శ్రీకాకుళం కంచం ఒకప్పుడు ఇంత వెలితిగా ఉండేది కాదు. చోడి (రాగి) అంబలి పొద్దుటి తిండి. 100 గ్రాముల చోడి పిండిలో 340 మిల్లీగ్రాముల పైన కాల్షియం ఉంటుంది. అంతే బియ్యంలో పదో పరకో. తీరంలో ఎండబెట్టిన నెత్తళ్లను ముల్లుతో సహా నమిలేస్తారు, ఆ ముల్లంతా కాల్షియమే. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది, ఆకలి తీర్చింది, దాన్ని వేలెత్తి చూపే హక్కు ఎవరికీ లేదు. కానీ ఆ బియ్యం వెనక చోడి గాదె ఖాళీ అయింది. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థలో పనిచేసిన డాక్టర్ వీణా శత్రుఘ్న ఏళ్ల తరబడి చెప్పింది ఇదే. పేదల తిండిని గింజల బరువుతో కొలిచి, పాలూ గుడ్లూ మరిచిపోయామని. ఆమె బృందం 2005లో ప్రచురించిన అధ్యయనంలో హైదరాబాద్‌లోని పేద ఇళ్ల ఆడవాళ్ల ఎముకలు పరీక్షిస్తే, ముప్పై నుంచి అరవై ఏళ్ల వయసులోనే తొడ ఎముక మెడ గుల్లబారినవాళ్లు పెద్ద సంఖ్యలో తేలారు. వాళ్లూ పట్నం వాసులే. మాల్మో పట్నం వేరు, వాళ్ల పట్నం వేరు. ఒక సంగతి మాత్రం ఒప్పుకోవాలి. డెక్సా యంత్రం మనిషిని తెల్లజాతి యువతుల ఎముకతో పోల్చి మార్కులు వేస్తుంది, ఒంటి సైజు చిన్నదైతే ఎముక ఉన్నదానికంటే పలచగా చూపిస్తుంది. కాబట్టి ఆ అంకెల్లో కొంత దించి చదువుకోవాలి. ఎంత దించినా మిగిలేది తక్కువేమీ కాదు.

ఇక పలాస. 2011 జనాభా లెక్కల్లో పలాస-కాశీబుగ్గ 57 వేలు దాటిన మున్సిపాలిటీ. అక్కడి జీడి బట్టీల్లో పిక్కలు కొట్టే ఆడవాళ్లలో చాలామంది చుట్టుపక్కల పల్లెలవాళ్లు. పొద్దు పొడవకుండా షేర్ ఆటోల్లో వస్తారు. కాల్చిన పిక్కలు, ఉడికించిన పిక్కలు కుప్పలుగా పోసి ఉంటాయి. చేతులకు బూడిదో నూనో రాసుకుని కూర్చుంటారు. పిక్క పెంకులోని జీడి సొన తగిలితే చర్మం బొబ్బలెక్కి నల్లగా కాలిపోతుంది. వేలిగోళ్ల చుట్టూ ఆ నలుపు ఏళ్ల తరబడి పోదు. ఒకరు కట్టింగు మిషను దగ్గర పిక్కను బద్ద చేస్తారు, ఇంకొకరు సూదిమొన లాంటి ముక్కతో పప్పు తీస్తారు. మరో గదిలో పొట్టు తీసేవాళ్లు, గ్రేడు చేసేవాళ్లు, అందరూ కూర్చునే. పైన రేకులు, మసిబారిన గోడలు. కూలీ కిలోల లెక్కన వచ్చేచోట లేచి అటూ ఇటూ తిరిగితే ఆ మేరకు డబ్బు పోయినట్టే. సాయంత్రం ఇంటికి చేరేసరికి పొద్దు వాలిపోతుంది. ఈమె ఓటు, రేషన్ కార్డు, ఇల్లు ఊళ్లోనివి. ఏ సర్వేలోనైనా గ్రామీణ మహిళే. ఎండ లేదు, నడక లేదు, బరువు మోయడం లేదు. గ్రామీణ ఎముకకు రక్ష అని పాఠ్యపుస్తకం చెప్పిన మూడూ ఈమెకు లేవు. పట్నంవాళ్లకు ఉన్న పాలూ లేవు. తిరుపతి అధ్యయనపు గళ్లలో ఈమెను ఎక్కడ వేస్తారు?

టెక్కలి చిక్కు ఇంకోలాంటిది. రెవెన్యూ డివిజన్ కేంద్రం, జిల్లా ఆసుపత్రి, కాలేజీలు, జాతీయ రహదారి అన్నీ ఉన్నాయి. మేజర్ పంచాయతీగానే ఎదిగిన ఊరు. మన జనగణన అయిదు వేల జనాభా, ప్రధానంగా పని చేసే మగవాళ్లలో నాలుగింట మూడొంతులు వ్యవసాయేతరం, చదరపు కిలోమీటరుకు నాలుగు వందల సాంద్రత ఉంటేనే పట్నం అంటుంది, లేదా చట్టం మున్సిపాలిటీ అని ప్రకటించాలి. ఎముకకు ఈ నిబంధన తెలియదు.

పడడం సంగతికి వద్దాం. ఎముక గట్టిదా గుల్లదా అన్నది సగమే. మిగతా సగం ఎక్కడి నుంచి, దేనిమీద, ఏ వయసులో పడ్డాడన్నది. స్వీడన్ అధ్యయనాలు లెక్కపెట్టేది ఎక్కువగా ముసలివాళ్లు పడడం: మంచు మీద జారడం, బాత్రూంలో తూలడం. ఉద్దానంలో కాలు జారితే విరిగేది తుంటి ఒక్కటే కాదు. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, మందస మండలాల్లో కొబ్బరి దింపేవాళ్లు కాళ్లకు బందం తగిలించుకుని యాభై అరవై అడుగులు ఎక్కుతారు. మాను తడిసి ఉంటే, మట్ట ఎండి ఉంటే పట్టు తప్పుతుంది. అంతెత్తు నుంచి నిలువునా పడ్డవాడు మడమల మీద దిగుతాడు. మడమ ఎముక పిండి అవుతుంది. దెబ్బ అక్కడ ఆగకుండా కాళ్ల గుండా ఎగబాకి, ఛాతీ వెన్ను నడుముతో కలిసే చోట పూసను చితక్కొడుతుంది. అందుకే ఎత్తు నుంచి పడి మడమ విరిగినవాడు వస్తే ఎముకల డాక్టరు కాలితో పాటు వెన్నుకూ ఎక్స్‌రే తీయిస్తాడు. పూస పక్కకు జరిగితే నడుం కింద స్పర్శ పోతుంది. ముప్పై ఏళ్లవాడు మంచాన పడతాడు. ఇది ఎముక బలహీనతకు సంబంధించినది కాదు. ఎంత ఉక్కు ఎముకైనా అరవై అడుగులకు ఆగదు. గ్రామీణ ఫ్రాక్చర్ రేటు అని ఒక్క అంకె వేస్తే ఇతనూ, పెరట్లో బోర్లా పడ్డ డెబ్బై ఏళ్ల అవ్వా ఒకే గంపలో పడతారు. అలాంటి అంకె ఎవరికి పనికొస్తుందో నాకు అర్థం కాదు.

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను ఈ తీరాన్నే తాకింది. లక్షల కొబ్బరి చెట్లు, జీడి మామిడి తోటలు నేలకూలాయి. కూలిన మాను తొలగించడం ఎక్కడం కంటే తేలికేమీ కాదు. అడ్డంగా పడి బిగుసుకున్న మానును రంపంతో కోస్తే ఎటు ఎగిరి కాలి మీద పడుతుందో చెప్పలేం. తర్వాత తోట లేనివాళ్లు వలస వెళ్లారు. చెట్టు మీది నుంచి పడే ముప్పు తగ్గి, పరంజా మీది నుంచి పడే ముప్పు పెరిగింది. మనిషి అదే, ఎముక అదే. మారింది చిరునామా.

ఈ చిరునామా దగ్గరే పల్లె-పట్నం పోలిక అసలు చిక్కులో పడుతుంది. 2014 జూన్ 28న చెన్నై శివారు మౌలివాక్కంలో కడుతున్న పదకొండు అంతస్తుల భవనం కూలిపోయి 61 మంది చనిపోయారు. వాళ్లలో ఎంతోమంది శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కూలీలు. ఉద్దానం వాళ్లని కాదు, కానీ రైలెక్కిన కారణం ఒకటే. శిథిలాల్లోంచి 27 మందిని ప్రాణాలతో తీశారు. వాళ్ల విరిగిన కాళ్లూ చేతులూ చెన్నై ఆసుపత్రుల రిజిస్టర్లలో నమోదయ్యాయి. పట్టికలో అవి పట్నపు ఫ్రాక్చర్లు. తిరిగొచ్చి కుంటుతూ బతికేది పల్లెలో. పట్నంలో ఫ్రాక్చర్లు ఎక్కువని చెప్పే ఏ లెక్కలోనైనా, ఆ పట్నం ఎవరి భుజాల మీద లేస్తోందో అడగాలి.

రెండో చిక్కు అసలు ఆసుపత్రికి చేరని విరుపులది. తుంటి ఎముకకు మన దేశంలో తరచూ ఉదహరించే లెక్క హర్యానాలోని రోహ్‌తక్ జిల్లాది. 2009లో ఆ జిల్లాలో చికిత్సకు వచ్చిన యాభై ఏళ్లు దాటినవాళ్లలో లక్షకు 129 తుంటి ఫ్రాక్చర్లు: మగవాళ్లలో 105, ఆడవాళ్లలో 159. శ్రద్ధగా చేసిన పని, కాదనను. ఆసుపత్రుల నుంచి పోగేసిన లెక్క కాబట్టి ఆసుపత్రికి వచ్చినవాళ్లే అందులో ఉంటారు. ఉద్దానం పల్లెలో ముసలమ్మ దడి దగ్గర పడిపోతే ఏం జరుగుతుందో చూడండి. లేవలేదు. ఆ కాలు రెండోదాని కంటే పొట్టిగా కనిపిస్తుంది, పాదం బయటివైపు తిరిగిపోయి ఉంటుంది. ఇది తుంటి విరిగిన గుర్తు, అనుమానించడానికి ఎక్స్‌రే కూడా అక్కర్లేదు. ఇంట్లోవాళ్లను అడిగితే, "ఏటీ లేదు బాబూ, తుంటి బెణికింది. ఆకుకట్టు ఏయించినాం, నెల్లాళ్లు మంచం మీద ఉండమన్నాడు" అంటారు. నెల తర్వాత వీపు మీద పుండ్లు, రొమ్ము పట్టేయడం, జ్వరం. పోయాక అడిగితే వయసు మీద పడింది కదా అంటారు. ఆ ఫ్రాక్చర్ ఏ రిజిస్టరుకూ ఎక్కదు. పల్లెలో తుంటి విరుపులు తక్కువ అని రాసే పట్టికకు మాత్రం తన వంతు సాయం చేసి పోతుంది.

కట్టు వైద్యుణ్ని తిట్టి ఊరుకోవడం సులువు. చిత్తూరు వైపు పుత్తూరు పేరు మీద తెలుగునాట ఎన్ని ఊళ్లలో బోర్డులు వెలిశాయో! కోడిగుడ్డు సొన, ఆకు పసరు, వెదురు బద్దలు. పిల్లవాడి ముంజేయి ఎముక పక్కకు జరగకుండా చిట్లితే ఆ కట్టుతోనూ అతుక్కుంటుంది, ఎందుకంటే అది దానంతటదే అతుక్కునే రకం. కట్టు మరీ బిగించి రక్తం ఆడక వేళ్లు నల్లబడ్డ కేసులూ ప్రతి ఎముకల వార్డుకూ తెలుసు. తుంటి మెడ మాత్రం ఏ కట్టుకూ లొంగదు. అక్కడ ఎముక తలకు రక్తం అందించే నాళాలే తెగిపోతాయి. మేకు కొట్టాలి లేదా కొత్త కీలు వేయాలి. ఊరి నుంచి టెక్కలి జిల్లా ఆసుపత్రి, అక్కడి నుంచి శ్రీకాకుళం, అక్కడా కాకపోతే విశాఖ కేజీహెచ్, అంటే పలాస నుంచి దాదాపు రెండు వందల కిలోమీటర్లు. 2005లో మొదలైన 108, 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ ఈ దారిని కొంత కురచ చేశాయి. కానీ ముసలమ్మ వెంట వారం రోజులు ఆసుపత్రిలో ఉండాల్సిన కొడుకు చెన్నైలో ఉన్నాడు. విశాఖలో ఉన్న ముసలమ్మను కూతురు ఆటోలో అరగంటలో తీసుకుపోతుంది. రెండు ఎముకలూ ఒకేలా విరిగాయి. లెక్కకు ఎక్కింది ఒకటే.

ఇదంతా ఏ వెనకబడ్డ తీరానికైనా వర్తించే విమర్శ. ఉద్దానానికి దానిదంటూ వేరే విషయం ఉంది, ఎముకల మీద రాసేవాళ్లు దాన్ని ఎందుకో పక్కింటి గొడవలా చూస్తారు. మూత్రపిండాల జబ్బు. డాక్టర్ టి. రవిరాజు బృందం చేసిన సర్వేలో ఉద్దానంలో ఈ జబ్బు 18 శాతం మందిలో బయటపడింది. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు 2020లో ప్రచురించిన మరో సర్వేలో 21 శాతం. చక్కెర జబ్బు, బీపీ లాంటి మామూలు కారణాలతో పూర్తిగా ముడిపడని జబ్బు ఇది. నీరా, వేడిలో పనా, పురుగుమందులా, నొప్పి మాత్రలా అన్న వాదన ఇంకా నడుస్తోంది. 2023 డిసెంబర్ 14న పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభించారు. హిరమండలం జలాశయం నుంచి వంశధార నీళ్లను పైపుల్లో తెచ్చారు.

మూత్రపిండానికీ ఎముకకూ చుట్టరికం ఏమిటంటే, ఎండ తగిలి చర్మంలో పుట్టిన డి విటమిన్ కాలేయం దాటి వచ్చాక దాన్ని పనికొచ్చే రూపానికి తెచ్చేది ప్రధానంగా మూత్రపిండమే. అది చెడితే ఎంత ఎండ కాచినా పేగు కాల్షియాన్ని సరిగ్గా పీల్చుకోదు. బయటికి పోవాల్సిన ఫాస్ఫరస్ రక్తంలో పేరుకుంటుంది. అప్పుడు మెడలో గింజలంత ఉండే నాలుగు పారాథైరాయిడ్ గ్రంథులు రక్తంలో కాల్షియం నిలబెట్టడానికి ఎముకను తవ్వడం మొదలుపెడతాయి. రోగికి ఏమీ తెలియదు. కాళ్లు లాగుతున్నాయంటాడు, నడుం పట్టిందంటాడు. డయాలసిస్ మీద ఉన్నవాళ్లలో తుంటి ఎముక విరిగే ముప్పు మిగతావాళ్లతో పోలిస్తే నాలుగు రెట్లకు పైనే ఉందని 2000లో అచ్చయిన అమెరికా అధ్యయనం చెప్పింది.

ఇప్పుడు మళ్లీ స్వీడన్ వాదన పక్కన దీన్ని పెట్టి చూడండి. గ్రామీణుడికి ఎండ ఉంది కాబట్టి డి విటమిన్ ఉంది, కాబట్టి ఎముక బాగుంది అన్న గొలుసు సరిగ్గా మధ్యలో, మూత్రపిండం దగ్గర, తెగిపోయింది. బారువ ఒడ్డున రోజంతా ఎండలో వల లాగే మత్స్యకారుడి రక్తంలో డి విటమిన్ పుష్కలంగా ఉండొచ్చు, అతని ఎముక మాత్రం కరిగిపోతూ ఉండొచ్చు. రక్త పరీక్షలో ఆ ఒక్క అంకె చూసి ఇతనికి ఢోకా లేదని రాసేస్తే తప్పు. ఇతను విరిగిన చేయితో వచ్చినా, మూత్రపిండం పనితీరు చెప్పే క్రియాటినిన్ చూడకుండా పట్నంలో ఎముకలు గుల్లబారినవాళ్లకు ఇచ్చే మందులే రాసిస్తే ఇంకా పెద్ద తప్పు. వాటిలో కొన్ని మూత్రపిండం బాగా దెబ్బతిన్నవాళ్లకు ఇవ్వకూడనివి. నొప్పి మాత్రల సంగతి చెప్పనే అక్కర్లేదు. పడిన మనిషి నొప్పికి మందుల షాపులో కొనుక్కునే గోలీ మూత్రపిండాన్ని తింటుంది, దెబ్బతిన్న మూత్రపిండం ఎముకను తింటుంది, ఆ నొప్పికి మళ్లీ అదే గోలీ. తిండిలో కూడా ఇదే పేచీ. చోడి, ఎండు చేప ఎముకకు మంచివని పైన రాశాను. మూత్రపిండ రోగికి ఎండు చేపలోని ఉప్పూ ఫాస్ఫరసూ పనికిరావు. ఉద్దానంలో చెట్టు చెట్టుకూ కాసే కొబ్బరి నీళ్లు, పనస తొనలు పొటాషియం వల్ల మానేయమంటారు. పోషకాహార పోస్టరు ఒక్కటే అచ్చేసి జిల్లా అంతా అంటిస్తే సోంపేట గోడ మీద అది ఎంతోమందికి హాని చేసేదే చెబుతున్నట్టు లెక్క.

పల్లె అనేది ఒక్కటి కాదని చూపించడానికి ఇంకో తెలుగు ఎముకను పక్కన పెడతాను. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అప్పటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరైడ్ నీళ్ల వల్ల వంగిపోయిన వెన్నుల గురించి రాశారు. తర్వాత నల్గొండ ఆ బాధకు మారుపేరైంది. ఫ్లోరోసిస్ ఎముక ఎక్స్‌రేలో తెల్లగా, చిక్కగా మెరుస్తుంది. చిక్కదనం కొలిచే యంత్రం దానికి మంచి మార్కులే వేస్తుంది. అది మాత్రం పెళుసు. ఉద్దానం మూత్రపిండ రోగి ఎముక దీనికి ఎదురు రకం, కానీ యంత్రానికి అందకపోవడంలో రెండూ ఒకటే. మూత్రపిండ రోగులకు డెక్సా మామూలుగా వద్దని 2009 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు అన్నాయి, చికిత్స మారేటట్టయితే తీయొచ్చని 2017 సవరణ అంది. నిపుణులే ఎనిమిదేళ్లలో మాట మార్చుకున్న చోట, ఊరి ఎముక గట్టిదని మనం ఇంత ధీమాగా ఎలా అంటున్నాం? నల్గొండ పల్లె, ఉద్దానం పల్లె, షోబో పల్లె మూడింటినీ గ్రామీణం అన్న ఒక్క గడిలో వేసి సగటు తీస్తే వచ్చే అంకె ఏ ఊరిదీ కాదు.

పోల్చడం మానేయమని నేననను. ఉద్దానం మీద వచ్చిన పరిశోధనలు ప్రధానంగా మూత్రపిండాన్ని వెతికాయి, అది న్యాయమే. ఎముకను కూడా అదే చేత్తో లెక్కపెట్టే వీలు ఇక్కడ ఉంది, మరో పల్లెకు లేనంతగా. మామూలుగా పల్లెల్లో ఫ్రాక్చర్లు లెక్కించాలంటే ఇల్లిల్లూ తిరగాలి, పడి నెలలైన సంగతులు గుర్తు చేయించాలి. ఇక్కడ సోంపేట, పలాస, టెక్కలి డయాలసిస్ కేంద్రాలకు రోగులు వారానికి రెండు మూడుసార్లు తమంతట తామే వస్తారు. మిషను మీద పడుకోబెట్టే ముందు బరువు చూస్తారు, బీపీ చూస్తారు, కాగితం మీద రాస్తారు. అదే కాగితంలో ఇంకో గీత గీసి మూడు ప్రశ్నలు అడిగితే చాలు: పోయినసారి వచ్చి వెళ్లాక పడ్డారా, ఎక్కడ పడ్డారు, కట్టు ఎవరు కట్టారు. నర్సుకు నిమిషం పని. విశాఖలోని డయాలసిస్ కేంద్రాల్లోనూ అవే మూడు ప్రశ్నలు అడిగితే, జబ్బు ఒకటే, మిషను ఒకటే, తేడా ఊరూ పట్నమూ మాత్రమే అవుతుంది. కేజీహెచ్‌లో మంచం మీద పడుకున్న రోగిది కవిటి అయితే, అతని కాగితం మీద కవిటి అనే రాయాలి.